మృత్యులోయలో రంగశాల

స్త్రీకి పుట్టినిల్లు, మెట్టినిల్లు అని రెండిండ్లు గలవని మన పెద్దలందురు. మొదటిది దైవ మిచ్చినది, రెండవది వివాహ మిచ్చినది. ఈ రెండును గాక, తన చేతులతో తాను నిలువబెట్టుకొని, తనదని చెప్పుకొనదగిన మూడవ యిల్లు ఏ కొందరికో లభించును. అది ఎచ్చట నుండునో ముందుగా నెవరికిని తెలియదు. అమెరికా దేశమున మార్తా బెకెట్ అను నర్తకికి అట్టి యిల్లు, బండి చెడిపోయి దారిలో నిలిచిపోయిన యొక దినమున, ఎడారి నడుమ కనబడినది. అది పాడుపడిన పాత రంగశాల. ఆమె దానిని బ్రదికించిన విధమును, అందులకై ఆమె విడిచిపెట్టిన సుఖములను మన సోదరీమణులకు దెలుపుటయే యీ వ్యాసము నుద్దేశము.

మార్తా 1924వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. తండ్రి పత్రికా రచయిత. తలిదండ్రుల కాపురము పొసగలేదు. వారు వేరుపడిన పిదప ఆమె తల్లిచెంతనే పెరిగినది. చిత్రలేఖనము, సంగీతము, నృత్యము అను మూడింటియందును ఆమెకు సమానమైన ఆసక్తి యుండెను. అయినను జీవనోపాధికై నృత్యమునే ఆశ్రయించెను. ఆమె అభ్యసించినది బాలే యను పాశ్చాత్య నృత్యము. కాలి వ్రేళ్ళ మొనలపై నిలిచి, శరీరభారమంతయు నచ్చటనే మోపి ఆడవలసిన కఠినమైన విద్య యది. పైకి పక్షి యీకవలె తేలికగ కన్పించు ఆ భంగిమల వెనుక ఎన్నియో యేండ్ల శ్రమయు, పాదముల నొప్పియు దాగియుండును.

న్యూయార్కులోని రేడియో సిటీ మ్యూజిక్ హాలు అను సుప్రసిద్ధమైన రంగశాలలో ఆమె బృందనర్తకిగ పనిచేసెను. బ్రాడ్వే వీధి నాటకశాలలలో ‘షో బోట్’, ‘ఎ ట్రీ గ్రోస్ ఇన్ బ్రూక్లిన్’, ‘వండర్‌ఫుల్ టౌన్’ మొదలగు సంగీత నాటకములలో నర్తించెను. అచటి నాటకశాలలలో స్థానము సంపాదించుట యెంతటి నర్తకికైనను గొప్ప విషయమే. కాని బృందనర్తకి యనగా వరుసలో నొకతె. అందరును ఒకే విధమైన దుస్తులు ధరించి, ఒకేసారి చేయి యెత్తి, ఒకేసారి పాదము కదపవలెను. నృత్యమును కూర్చువారు వేరు, రంగమును అలంకరించువారు వేరు, దుస్తులు కుట్టువారు వేరు. ఆ మూడును తాను చేయగలిగియు మార్తా వరుసలోనే నిలువవలసి వచ్చెను.

కొంతకాలమునకు ఆమె యే ధైర్యము చేసి తానొక్కతెయే ప్రదర్శన మిచ్చుటకు పూనుకొన్నది. కథ తనదే, నృత్యరచన తనదే, తెరలపై చిత్రములు తనవే, కుట్టుపని తనదే. మాటలు లేక అభినయముతోనే కథ చెప్పు మూకాభినయములను కల్పించి, ఊరూర తిరిగి పాఠశాలలలోను, చిన్న చిన్న రంగశాలలలోను ప్రదర్శింప సాగెను. 1962లో టామ్ విలియమ్స్ అను నాతనిని వివాహమాడినది. ఆయన ఆమె ప్రదర్శనల వ్యవహారములను చూచుకొనెడివాడు. ఊరు మారినపుడెల్ల సామానులు విప్పుట, మరల కట్టుట, రాత్రికి రాత్రి మరియొక యూరికి పయనమగుట, ఇదియే వారి జీవితము. ఆమె చిత్రించిన తెరలను శాశ్వతముగ వ్రేలాడదీయుటకు ఒక కొక్కెమైనను ఆమెకు లేకుండెను.

ఇట్లుండగా 1967వ సంవత్సరమున ఈస్టరు పండుగ దినములలో ఆ దంపతులు విశ్రాంతికై కాలిఫోర్నియా రాష్ట్రపు తూర్పు భాగమున నున్న మృత్యులోయకు పోయిరి. ఆ ప్రదేశమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. అచ్చటి పల్లపు భూమి సముద్రమట్టమునకు 282 అడుగులు దిగువన నున్నది. ఏడాదికి సగటున రెండంగుళముల వానయే మిక్కిలి. 1913 జూలై 10వ తేదీన అచట 56.7 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమి నమోదైనది. లోకమున లెక్కకెక్కిన వేడిమిలో అంతకు మించినది లేదని నేటికిని చెప్పుదురు. ఆ లోయకు ఆ పేరు ఊరక రాలేదు.

అట్టిచోట మనుష్యులేల చేరిరను సందేహము కలుగవచ్చును. దానికి కారణము వెలిగారము. మన కంసాలి బంగారమును అతుకునపుడు వాడు తెల్లని వెలిగారమే యది. గాజు, పింగాణి, సబ్బు మొదలగు వస్తువుల తయారీకి సయితము దాని యవసరము మిక్కుటము. ఆ లోయ ప్రాంతమున అది విస్తారముగ దొరకెడిది. 1880ల నాడు కంచరగాడిదలను బారులు బారులుగ గట్టిన పెద్ద బండ్లపై దానిని ఎడారి దాటించెడివారు. తరువాత రైలుమార్గము వచ్చెను. ఆ రైలు కూడలిలో వెలసిన చిన్న ఊరే డెత్ వ్యాలీ జంక్షను. పూర్వము దాని పేరు అమర్గోసా. స్పానిషు భాషలో చేదు అని దాని యర్థము. అచటి నీటి రుచి యట్టిది.

1923 మొదలు 1925 వరకు పసిఫిక్ కోస్టు బోరాక్స్ కంపెనీవారు ఆ యూర నొక పెద్ద కట్టడమును కట్టించిరి. మూడు వైపుల భవనములు, నడుమ ముంగిలి. అందు కార్యాలయములు, అంగడి, పనివారి వసతిగదులు, భోజనశాల, అతిథిగృహము ఉండెను. ఒక కొసను కార్కిల్ హాలు అను సభామందిరము. పగలెల్ల ఎండలో మాడిన పనివారు సాయంకాలము లందు అచ్చట చలనచిత్రములు చూచెడివారు, ఆటపాటలతో ప్రొద్దుపుచ్చెడివారు. ప్రార్థనలును ఊరి సభలును అచ్చటనే. ఎవరేని మరణించినచో అంత్యక్రియల ప్రార్థనయు నచ్చటనే జరిగెడిది. కాని 1927లో కంపెనీవారి గనుల పని మరియొక తావునకు మరలెను. 1940లో రైలు నిలిచిపోయెను. పనివారు పోయిరి, వారి వెంట వారి బిడ్డలును పోయిరి. మందిరము మిగిలెను.

మార్తా దంపతులు బస చేసిన మరునాటి యుదయమున వారి బండి టైరు గాలి పోయియుండెను. దానిని బాగుచేయువారు జంక్షనులో నున్నారని తెలిసి అచటికి పోయిరి. భర్త టైరు పని చూచుకొనుచుండగా మార్తా ఆ నిర్జనమైన యూరిలో ఊరక తిరుగసాగెను. మట్టిగోడల సభామందిరము కంటబడినది. తలుపు మూసియుండెను. వెనుకకు పోయి తలుపునందలి చిన్న రంధ్రమునుండి లోనికి చూచెను. లోపల చిన్న రంగస్థలము, దానికి వెలిసిపోయిన తెర, నేలపై దుమ్ము, కొన్ని పాత బల్లలు. కప్పు చిల్లులనుండి వెలుతురు దిగుచుండెను.

అందులో చూచుటకేమున్నదని మనము తలపవచ్చును. కాని ఆమెకు, ఎన్నడో విడిచిపోయిన తన యింటికి తాను మరలివచ్చినట్లు తోచినది. తనలో నేదో యొక సగము ఆ చీకటిలో తనకై కాచుకొనియున్నట్లు అనిపించెనని ఆమె తరువాతి కాలమున పలుమారు చెప్పుకొన్నది. అప్పటికి ఆమె వయస్సు 42 సంవత్సరములు. నర్తకులలో పలువురు గజ్జె విప్పు వయస్సది.

ఆ దంపతులు ఊరి యజమాన్యమును విచారించి, నెలకు 45 డాలర్ల అద్దెకు, మరమ్మతులు తామే చేయించుకొను నొప్పందమున ఆ మందిరమును తీసికొనిరి. న్యూయార్కులోని కాపురమును చాలించుకొని అచటికి మరలి వచ్చిరి. స్నేహితులు కొందరు నవ్వియుందురు, కొందరు జాలిపడియుందురు. నగరములో పేరు సంపాదించుకొన్న స్త్రీ, పొరుగిల్లయినను లేని ఎడారిలో నాట్యశాల తెరచుటను ఎవరు బుద్ధిమంతుల పని యందురు?

పని మొదలయ్యెను. కప్పు కారుచుండెను, నేలబల్లలు పుచ్చియుండెను. రంగస్థలమును విశాలము చేసిరి. తెరను మార్తాయే కుట్టెను. కాఫీపొడి వచ్చిన రేకుడబ్బాలను దీపములకు గూళ్ళుగ మార్చి రంగముపై వెలుతురు పడునట్లు అమర్చిరి. మందిరమునకు అమర్గోసా ఒపేరా హౌస్ అని పేరిడిరి. 1968వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీన తొలి ప్రదర్శన జరిగెను. చూడవచ్చినవారు పండ్రెండుగురు. వేల జనము గూర్చుండు రేడియో సిటీ మందిరమున నర్తించిన యామె ఆ పండ్రెండుగురి యెదుట ఏ కొరతయు లేకుండ ఆడినది.

అటుపై శుక్ర, శని, సోమ వారముల రాత్రి 8 గంటల 15 నిమిషములకు తెర లేచునని నియమము పెట్టుకొన్నది. ఎవరైన వచ్చినచో సంతోషము. రాకున్నను తెర లేచును. ఎన్నియో రాత్రులు ఆమె ఖాళీ కుర్చీల యెదుట నర్తించినది. మన యిండ్లలో సంజదీపము పెట్టు స్త్రీ, చూచువారున్నారా లేరా యని విచారించునా? వేళయైనదా యని మాత్రమే చూచును. ఆమె నియమము నట్టిదే.

ఆ యేటి వేసవిలోనే అకస్మాత్తుగ వరద వచ్చెను. ఎడారిలో వాన అరుదు గాని, వచ్చినచో నేల పీల్చుకొనజాలక నీరు ఒక్కసారిగ పొరలి వచ్చును. మందిరము బురదతో నిండెను. ఇంతకాలపు శ్రమయు మట్టిపాలైనది. మరియొకరైనచో సామాను కట్టుకొని న్యూయార్కు దారి పట్టియుందురు. మార్తా బురద యెత్తిపోసెను, గోడలు కడిగెను. అటు పిమ్మట ఆ వట్టి తెల్లగోడలను చూచుచు ఆమెకొక యాలోచన తోచినది. ప్రేక్షకులు రాకున్న నేమి? వారిని తానే సృష్టించుకొనవచ్చును గదా!

కుంచె చేతబట్టి నిచ్చెన యెక్కెను. వెనుకగోడ నడుమ రాజును రాణియు కూర్చున్న రాచపీఠము చిత్రించెను. 16వ శతాబ్దమునాటి స్పెయిను దేశపు కొలువది. వారి కిరుప్రక్కల మేడవరుసలలో ప్రభువులు, వారి స్త్రీలు, సన్న్యాసులు, సన్న్యాసినులు, వృషభములతో పోరు వీరులు, దేశదిమ్మరులు. కొందరు రంగస్థలమునే తదేకముగ చూచుచుందురు. కొందరు ప్రక్కవారితో గుసగుసలాడుచుందురు. నాటకము చూడవచ్చినవారి స్వభావ మంతయు ఆ గోడలపై నున్నది. ఈ గోడల పని 1972 వరకు, అనగా నాలుగేండ్లు పట్టెను. పిదప పైకప్పునకు పూనుకొని, నీలాకాశము, మేఘములు, వాద్యములు మ్రోయించు దేవకన్యలు, పావురములు చిత్రించుటకు మరి రెండేండ్లు గడచెను. పగలు కుంచె, రాత్రి నాట్యము. నడుమ వంట, కుట్టు, మరమ్మతు. 

ఆ చిత్రములు పూర్తి గాకమునుపే, 1970లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికవారు ఆ దారిని వచ్చి, ప్రేక్షకులు లేని శాలలో ఆమె నర్తించుట చూచి యాశ్చర్యపడి, ఆ వింతను ప్రకటించిరి. తరువాత లైఫ్ పత్రికయు వ్రాసెను. అంతట నానాదేశములనుండి జనులు ఆ యెడారిదారి పట్టిరి. ఏ నగరమును ఆమె విడిచివచ్చెనో ఆ నగరమువారే ఆమెను చూడ వచ్చిరి. పండ్రెండుగురితో మొదలైన శాలలో చోటు చాలని రాత్రులును వచ్చెను. 1983లో బౌల్డర్ సిటీ రంగశాలనుండి 120 ఆసనములు కొనితెచ్చి పాత కుర్చీల స్థానమున వేయించిరి.

ఇందులో బాధ లేకపోలేదు. కీర్తి వచ్చినను ఏకాంతము పోలేదు. ఎడారి యందరికిని సరిపడునది కాదు. కొంతకాలమునకు భర్త ఆమెను, ఆ యూరిని విడిచి వెడలిపోయెను. ఊరు విడువక ఆమె ఒంటరిగ నిలిచెను. పిదప టామ్ విల్లెట్ అను నాతడు, ఆ యూరి పనిపాటలలో నుండినవాడు, రంగశాల నిర్వాహకుడై, క్రమముగ హాస్యపాత్రలు ధరించి ఆమెతో కలిసి ఆడసాగెను. నాట్యశిక్షణ లేని ఆ స్థూలకాయుని ప్రేక్షకు లెంతయో మెచ్చుకొనిరి. 2005లో ఆయన మరణించువరకు ఆ స్నేహము చెడలేదు.

మార్తా వివేకము మరియొక విషయమున గానవచ్చుచున్నది. అద్దెయింటిపై ఎంత ప్రేమ పెంచుకొన్నను అది పరులది. యజమాని మనసు మారినచో ఆ గోడలపైని రాజును రాణియు సున్నము క్రింద కప్పబడిపోవుదురు. ఇది గ్రహించి, లాభాపేక్ష లేని యొక సంస్థను స్థాపించి, భూములను ప్రజాహితమునకై కాపాడు మరియొక సంస్థ సాయముతో ఆ యూరినే కొనిపించెను. 1981 డిసెంబరు 10వ తేదీన ఆ ప్రదేశము అమెరికా జాతీయ చారిత్రక స్థలముల పట్టికలో చేరెను. ప్రేమ యొక్కటియే చాలదనియు, కాగితముపై హక్కు గూడ నుండవలయుననియు ఆమె తెలిసికొన్నది. ఆస్తి విషయములు మగవారివని విడిచిపెట్టు మన సోదరీమణులు కొందరు ఈ యొక్క సంగతిని మనసున నుంచుకొనదగును.

ఆ కట్టడము ఎండిన పచ్చియిటుకలతో గట్టినది. మట్టిగోడ గుణము మన పల్లెలవారికి క్రొత్త గాదు. పగటియెండను లోనికి రానీయదు. రాత్రి చలిలో వెచ్చదన మిచ్చును. కాని నీటికి తాళదు. కప్పున చిల్లి పడినను, గోడ మొదట తేమ చేరినను, లోపలి లవణములు పైకి వచ్చి పెచ్చులు పెచ్చులుగ రాలిపోవును. ఏటేట మెత్తి, పూసి, అలికి కాచుకొనకున్నచో మట్టి మరల మట్టిలో కలియును. కనుక ఆ రంగశాలను ఒకసారి రక్షించుటతో పని తీరలేదు. ఆమె బ్రదికియున్నన్నాళ్ళును దానిని దినదినము రక్షింపవలసియే వచ్చినది.

వయస్సు మీరినకొలది ఆమె వ్రేళ్ళమొనలపై నిలుచుట మానెను. తరువాత తుంటి యెముక విరిగినది. అప్పుడును తెర లేచుట మానలేదు. కుర్చీలో కూర్చుండి కథలు చెప్పుచు, పాడుచు, చేతులతో అభినయించుచు ప్రేక్షకులను నవ్వించెను. 2006లో స్వీయచరిత్రను ప్రకటించినది. 2012 ఫిబ్రవరి 12వ తేదీన కడపటి ప్రదర్శన మిచ్చెను. అప్పటికామెకు 87 ఏండ్లు. తెర తొలిసారి లేచి 44 సంవత్సరములు. 2017 జనవరి 30వ తేదీన, తన 92వ యేట, ఆ యెడారియూరిలోనే తనువు చాలించినది.

ఇంతటితో ఆ కథ ముగిసెనా? లేదు. చిన్నతనమున తలిదండ్రులతో ఆ శాలకు పోయి మార్తా నాట్యమును చూచిన జెన్నా మెక్లింటాక్ అను బాలిక యుండెను. ఆనాడు కలిగిన కోరికతో ఆమె బాలే నేర్చి, ఓక్లండు నగరపు బాలే బృందమున నర్తకి యయ్యెను. మార్తా ఆడుట చాలించిన పిమ్మట ఆమె యా యెడారికి మరలి వచ్చి, తాను బాల్యమున చూచిన రంగముమీదనే మార్తా నృత్యములను తాను ప్రదర్శించెను. ఎవరును రాని రాత్రులలో ఆడుట వ్యర్థమని లోకమన్నది. కాని ఎవరో యొక రాత్రి ఒక పసిపాప అచట కూర్చుండును. ఆమెయే పెద్దదై తిరిగి వచ్చి దీపము వెలిగించును. వ్యర్థమైన రాత్రి యేదో, ఫలించిన రాత్రి యేదో ఆడునప్పుడు నర్తకి కెట్లు తెలియును?

సోదరీమణులారా! మనలో నందరము నర్తకులము కాము, ఎడారులకు పోబోము. కాని చూచువారు లేని చోట చేయవలసిన పని మనలో ప్రతివారికిని గలదు. మెచ్చుకొనువారు వచ్చిన పిదప చేయుదమన్నచో ఆ దిన మెన్నటికిని రాకపోవచ్చును. వేళకు తెర లేపుటయే మార్తా నేర్చిన విద్య. ఆమె లేని యా శాలలో రాజును రాణియు నేటికిని రంగస్థలము వైపే చూచుచున్నారు.